అమ్మాయి ల్యాండింగ్ చేస్తుంటే పక్కసీటు కెప్టెన్ ఏం చేస్తాడు?

మీరు అడిగినవి మూడు. మీ అమ్మాయి ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, చేరి ఏడాది నిండలేదు, అయినా సగం ల్యాండింగులు తనే చేస్తున్నానంటోంది, అలాంటప్పుడు కెప్టెన్ చేసే పనేమిటి అన్నది మొదటిది. ప్రతిదానికీ పుస్తకంలో పద్ధతి రాసిపెట్టి ఉంటే కెప్టెన్ నిర్ణయానికి ఇక చోటెక్కడ అన్నది రెండోది. కెప్టెన్ పొరపాటు చేస్తుంటే ఆమె అడ్డుచెప్పొచ్చా, చెబితే ఉద్యోగానికి ఎసరు రాదా అన్నది మూడోది. మొదటి రెండూ కుతూహలం కొద్దీ అడిగినట్టున్నారు, మూడోది మాత్రం తండ్రిగా భయపడి అడిగారనిపించింది. ఎయిర్‌బస్ 320 మీద చాలా ఏళ్లు కెప్టెన్‌గా చేసి, తర్వాత కొత్తవాళ్లకి లైన్ ట్రైనింగ్, అంటే మామూలు సర్వీసుల్లో నడిపిస్తూ ఇచ్చే శిక్షణ, ఇచ్చినవాణ్ణి. కాస్త పొడుగ్గానే రాస్తాను.

బాధ్యత ఎవరిదన్న విషయంలో చట్టం ఎక్కడా నసగలేదు. విమానయానం మీద దేశాలు చేసుకున్న షికాగో ఒప్పందానికి ఉన్న రెండో అనుబంధం ప్రకారం కంట్రోల్స్ తన చేతిలో ఉన్నా లేకపోయినా విమానం నియమాల ప్రకారం నడిచేలా చూడాల్సింది పైలట్-ఇన్-కమాండే, అంటే ఆ విమానానికి బాధ్యుడైన కెప్టెనే. మన దేశంలో కూడా అంతే. ఆ రోజు ఆ విమానానికి పైలట్-ఇన్-కమాండ్ ఎవరన్నది బయల్దేరకముందే కంపెనీ కాగితం మీద రాసి ఉంటుంది. గాల్లోకి వెళ్లాక అది మారదు. మీ అమ్మాయి ల్యాండింగ్ గట్టిగా పడి విమానానికి ఏదైనా అయితే ఆమెని కూడా విచారణలో అడుగుతారు, కానీ సంజాయిషీ మొదట ఇచ్చుకోవాల్సింది కెప్టెనే. చేయనిచ్చింది ఆయన, ఆపాల్సిందీ ఆయనే కదా.

ఇద్దరూ సెక్టార్లు, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేసే ప్రయాణాలు, పంచుకుంటారు. వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు. నడిపేవారిని పైలట్ ఫ్లయింగ్ అంటారు, రెండోవారిని పైలట్ మానిటరింగ్. ఈ పంపకానికి హోదాతో సంబంధం లేదు. అయితే కొన్ని కెప్టెన్ పంచడు. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు కమ్మి రన్‌వే సరిగా కనబడనప్పుడు చేసే క్యాట్-3 ల్యాండింగ్ కెప్టెనే చేయాలి. అడ్డగాలికి ఫస్ట్ ఆఫీసర్లకు వేరే హద్దు ఉంటుంది, కెప్టెన్ హద్దు కంటే తక్కువగా. వర్షంలో కొన్ని ఎయిర్‌పోర్టుల్ని కంపెనీలు కెప్టెన్లకే వదిలేస్తాయి.

పక్కన కూర్చుని కెప్టెన్ చేసే పని ఏమిటో బయటివాళ్లకి కనబడదు. ఎయిర్‌బస్‌లో ఇది మరీ చిక్కు. పాత విమానాల్లో రెండు స్టీరింగులూ కలిసే కదులుతాయి కాబట్టి పక్కవాళ్లు ఎంత లాగుతున్నారో చేతికి తెలుస్తుంది. ఎయిర్‌బస్ సైడ్‌స్టిక్‌లు రెండిటికీ లంకె లేదు. ఆమె ఎంత వెనక్కి లాగిందో కెప్టెన్ చేతికి తెలీదు, విమానం ముక్కు లేచాకే కంటికి తెలుస్తుంది. కంగారులో ఆయన కూడా తన స్టిక్ లాగాడా, రెండు ఆదేశాలూ కూడుకుని విమానం అతిగా స్పందిస్తుంది, "డ్యూయల్ ఇన్‌పుట్" అని గొంతు వినిపిస్తుంది. అందుకే సాయం చేద్దామని వేలు పెట్టకూడదు. తీసుకోవాలనుకుంటే ఎర్ర బటన్ నొక్కి, "ఐ హావ్ కంట్రోల్" అని గట్టిగా అని, పూర్తిగా తీసుకోవాలి. 50 అడుగుల ఎత్తులో ఈ నిర్ణయానికి దొరికేది రెండు మూడు సెకన్లు. తొందరపడి ప్రతిసారీ లాక్కుంటే ఆ పిల్లకి ల్యాండింగ్ ఎప్పటికీ రాదు. ఆలస్యం చేస్తే తోక నేలకి తగులుతుంది. ఎంతవరకు వదలాలి, ఎక్కడ తీసుకోవాలి అన్నది నా లెక్కలో కెప్టెన్సీలోకెల్లా కష్టమైన విద్య. సిమ్యులేటర్‌లో ఇది సగమే వస్తుంది.

ఇక విమానం కదలకముందు జరిగేది. కెప్టెన్ సంతకాలు ముఖ్యంగా మూడు చోట్ల పడతాయి. ఫ్లైట్ ప్లాన్ మీద, అంటే ఇంధనం మీద. విమానంలోని లోపాలు రాసే టెక్ లాగ్ మీద, అంటే ఈ విమానం ఉన్న స్థితిలో నాకు సమ్మతమేనని. లోడ్‌షీట్ మీద, అంటే బరువు, ఆ బరువు ఎక్కడ కూర్చుందన్న లెక్క సరిపోయిందని. లోడ్‌షీట్ సంగతి వదిలేద్దాం, అది లెక్కే. టెక్ లాగ్‌లో మాత్రం కొత్త కెప్టెన్లు తడబడతారు. విమానంలో ఏదో ఒకటి పనిచేయకుండానే చాలా సర్వీసులు నడుస్తాయి, ప్రయాణికులు ఇది వింటే ఉలిక్కిపడతారు. ఏది లేకపోయినా వెళ్లొచ్చు, ఎన్నాళ్లలో బాగు చేయాలి అన్నది ఎంఈఎల్ అనే పట్టికలో ఉంటుంది. బి తరగతి లోపానికి 3 రోజులు, సి తరగతికి 10, డి తరగతికి 120. పట్టిక వెళ్లొచ్చు అన్నంతమాత్రాన వెళ్లి తీరాలని లేదు. వాతావరణ రాడార్ లేకుండా వెళ్లడానికి ఏదో షరతు మీద అనుమతి ఉన్నా, జూలైలో పడమటి కనుమల మీదుగా రాత్రిపూట వెళ్లాల్సి ఉంటే కెప్టెన్ వద్దనవచ్చు. ఇంజనీరు మొహం మాడ్చుకుంటాడు, ఆపరేషన్స్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తారు. అది కూడా జీతంలో భాగమే.

ఇంధనం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది. పుస్తకం చెప్పేది ఇది: ట్యాక్సీకి, అంటే నేల మీద నడవడానికి, కొంత, గమ్యం దాకా ట్రిప్ ఫ్యూయల్, అందులో సుమారు 5 శాతం అనుకోని ఖర్చులకి, గమ్యంలో దిగలేకపోతే ఆల్టర్నేట్‌కి, అంటే ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టుకి, వెళ్లడానికి సరిపడా, వీటన్నిటి కిందా ముట్టుకోకూడని 30 నిమిషాల ఫైనల్ రిజర్వ్. ఇది కనీసం. దీని మీద ఎంత వేసుకోవాలన్నది కెప్టెన్ ఇష్టం.

మే నెలలో ఓ సాయంత్రం ఢిల్లీ నుంచి శంషాబాద్ వస్తున్నారనుకోండి. ఆ రోజుల్లో హైదరాబాద్ మీద సాయంత్రాలు క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు ఎలా పేరుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆల్టర్నేట్‌గా విజయవాడ వేసి ఇచ్చారు, అరగంటలోపు దూరం, ఇంధనం తక్కువ పడుతుంది. కాగితం మీద నిక్షేపంలా ఉంటుంది. కానీ శంషాబాద్ మూసుకుపోతే మీ ఒక్క విమానమే గన్నవరం వెళ్లదు. ముందు వెళ్లినవాళ్లు పార్కింగ్ బేలన్నీ నింపేస్తే, వెనక వచ్చినవాళ్లని తీసుకోలేమనే జవాబు రావచ్చు. అప్పుడు బెంగళూరు, నాగపూర్, చెన్నైలలో ఎక్కడికో వెళ్లాలి, వాటి దూరం ఎక్కువ. ఏ320 గంటకి రమారమి రెండు నుంచి రెండున్నర టన్నులు కాలుస్తుంది. అదనంగా ఒక టన్ను పోయించుకుంటే 25 నిమిషాలకి అటూ ఇటూ గాల్లో ఆగే వీలు దొరుకుతుంది. మోసుకెళ్తున్నందుకు గంటకి 30, 40 కిలోలు ఖర్చు. ఎవరెంత అదనంగా పోయించుకున్నారో కంపెనీ లెక్కలు చూస్తుంది, సగటు కంటే ఎక్కువుంటే మెయిల్ వస్తుంది. మేలో సాయంత్రం వేళ ఆ మెయిల్‌కి భయపడే కెప్టెన్‌తో ప్రయాణం చేయాలని నాకైతే ఉండదు. జనవరిలో మిట్టమధ్యాహ్నం ఆకాశం తేటగా ఉన్నప్పుడు కూడా రెండు టన్నులు అదనంగా అడిగేవాడు పద్ధతి తెలియక భయంతో అడుగుతున్నట్టు.

గాల్లో ఇంధనం తగ్గుతుంటే ఏమనాలో కూడా నిర్ణయమైపోయి ఉంది. ఇక ఈ ఎయిర్‌పోర్టులోనే దిగాలి, ఇంకొంచెం ఆలస్యమైనా ఫైనల్ రిజర్వ్‌లో చెయ్యి పడుతుంది అన్నప్పుడు "మినిమమ్ ఫ్యూయల్". దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగేసరికే ఆ 30 నిమిషాలది తరుగుతుందని లెక్క తేలితే "మేడే ఫ్యూయల్". 1978 డిసెంబరు 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 ఒకటి ల్యాండింగ్ గేర్ అనుమానంతో దాదాపు గంటసేపు తిరిగి, ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయి చెట్లలో పడింది. 10 మంది పోయారు. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లో మిగతా ఇద్దరికీ తెలుసు. చెప్పారు కూడా, కెప్టెన్ చెవికెక్కేంత గట్టిగా చెప్పలేదు. కాక్‌పిట్‌లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలన్నది శిక్షణగా నేర్పడం ఆ తర్వాతే మొదలైంది, 1981లో అదే కంపెనీతో. సీఆర్‌ఎమ్ (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్) అని మీ అమ్మాయి ఏటా వెళ్లే క్లాసు అదే.

ఎస్‌ఓపీ, అంటే పుస్తకంలో రాసిపెట్టిన ఆ పద్ధతి, ఎందుకన్నదానికి మామూలుగా చెప్పే జవాబు భద్రత కోసమని. నిజమే కానీ, అసలు అవసరం ఇంకొంచెం కింద ఉంది. పెద్ద కంపెనీలో వేల మంది పైలట్లు. ఈ రోజు మీ అమ్మాయి పక్కన కూర్చునే కెప్టెన్‌ని ఆమె అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. విమానం బయల్దేరడానికి గంట ముందు పరిచయం, గంట తర్వాత ఇద్దరూ కలిసి 180 మందిని గాల్లోకి లేపాలి. ముక్కూమొహం తెలియని ఇద్దరు అలా పని చేయాలంటే ఎవరు ఏ మీట వేస్తారో, ఏ మాటకి ఏ మాట బదులో ముందే తెలిసి ఉండాలి. కెప్టెన్‌కి సొంత స్టయిల్ ఉంటే అది ఫస్ట్ ఆఫీసర్‌కి బరువు. ఆయన మామూలుగా చేసేదేమిటో తెలిస్తేనే కదా మామూలు తప్పినప్పుడు ఆమె పట్టుకోగలిగేది.

చెక్‌లిస్ట్ గురించి ఒక అపోహ ఉంది, చదువుతూ ఒక్కొక్కటే చేస్తారని. కాదు. ముందు ఎవరి మీటలు వాళ్లు ఒక వరసలో జ్ఞాపకం మీద వేసేస్తారు, ఆ తర్వాత ముఖ్యమైనవాటిని చెక్‌లిస్ట్‌తో సరిచూసుకుంటారు. రోజుకి నాలుగుసార్లు, ఏళ్ల తరబడి చదివితే నోరు చదువుతుంది, కన్ను చూడదు. 2018 సెప్టెంబరులో ముంబయి నుంచి జైపూర్ బయల్దేరిన ఒక బోయింగ్ 737లో క్యాబిన్‌లోకి గాలి పంపే బ్లీడ్ స్విచ్‌లు వేయలేదు. పైకి వెళ్లేకొద్దీ లోపల ఒత్తిడి పడిపోయి, ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడి, చాలామందికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం కారింది. వెనక్కి తిరిగి దిగగలిగారు. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ బయల్దేరిన హీలియోస్ విమానానికి ఆ అదృష్టం లేదు. ప్రెషరైజేషన్ స్విచ్ మాన్యువల్‌లో ఉండిపోయింది, హెచ్చరిక మోగితే అది టేకాఫ్ హెచ్చరిక శబ్దంలాగే ఉండటంతో దేనిదో పోల్చుకోలేకపోయారు. 121 మందిలో ఒక్కరు మిగల్లేదు. రెండు సందర్భాల్లోనూ ఆ స్విచ్‌లు చూడాల్సిన అంశం పైలట్ల దగ్గరున్న పద్ధతిలో ఉంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పుస్తకం ఉంటే కెప్టెన్ ఎందుకు? నిర్ణయాల్లో చాలా వాటిని పుస్తకం నేల మీద, ఏసీ గదిలో, తీరిగ్గా ముందే తీసేసుకుంది. టేకాఫ్ చూడండి. వి1 అనే వేగం దాటాక ఆగే ప్రసక్తి లేదు, ఇంజన్ పోయినా ఎగరాల్సిందే. 100 నాట్ల వేగంలోపు చిన్నపాటి హెచ్చరికకైనా కెప్టెన్ ఆపవచ్చు. 100 దాటాక మంట, ఇంజన్ వైఫల్యం, ఎగరలేదేమో అనిపించే పరిస్థితి, ఇలాంటి నాలుగైదింటికే ఆపాలి. మీ అమ్మాయి నడుపుతున్నా సరే, టేకాఫ్ పవర్ సెట్ అయ్యాక త్రస్ట్ లీవర్ల (ఇంజన్ల శక్తిని పెంచే, తగ్గించే మీటల) మీద చెయ్యి కెప్టెన్‌ది. "స్టాప్" అనో "గో" అనో అనేది ఆయనే. వి1 వినగానే ఆ చెయ్యి తీసేస్తాడు, ఇక పొరపాటున కూడా వెనక్కి లాగకుండా. ఆయనకి మిగిలింది ఒకటే మాట, ఒకటి రెండు సెకన్లు. కానీ ఆ మాట చెప్పడానికి కావలసిన ఆలోచనంతా అంతకుముందే, ట్యాక్సీవే మీద బ్రీఫింగ్‌లో అయిపోయి ఉండాలి.

ఎవరి మాట వినాలన్నది కూడా పుస్తకం తేల్చేసిన చోట్లున్నాయి. ఎదురుగా ఇంకో విమానం వస్తోందని, ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం "క్లైమ్" (పైకి వెళ్లు) అంటే, అదే క్షణంలో ఏటీసీ, అంటే నేల మీది కంట్రోలర్, కిందికి దిగమన్నా వినకూడదు. 2002 జూలై 1న జర్మనీలో ఊబర్లింగెన్ మీద ఒక విమానం టీకాస్ మాట, రెండోది కంట్రోలర్ మాట విన్నాయి. రెండూ కిందికే దిగాయి, 71 మంది పోయారు.

పుస్తకం అంచు దాటే రోజూ ఉంటుంది, తక్కువ. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షుల గుంపు తగిలి ఏ320 రెండు ఇంజన్లూ పోయినప్పుడు విమానం నడుపుతున్నది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్ స్కైల్స్. కెప్టెన్ సలెన్‌బర్గర్ కంట్రోల్ తను తీసుకున్నాడు, చెక్‌లిస్ట్ ఆయనకిచ్చాడు. ఆ చెక్‌లిస్ట్ చాలా ఎత్తులో ఉన్నప్పటికని రాసింది, వీళ్లు 3,000 అడుగుల దగ్గరున్నారు, పూర్తి చేసే వ్యవధే లేదు. అందులో వరస ఇంకా రాకముందే సలెన్‌బర్గర్ ఏపీయూ (తోకలో ఉండే చిన్న ఇంజన్) స్టార్ట్ చేశాడు, దాంతో కరెంటు పోలేదు. మూడున్నర నిమిషాల్లో హడ్సన్ నదిలో దింపారు, 155 మందీ బతికారు. ఆ కథలో అందరూ కెప్టెన్‌నే తలుచుకుంటారు. నాకు మాత్రం ఎవరు ఏం చేయాలో ఒక్క మాట వాదన లేకుండా ఇద్దరూ పని పంచుకున్న తీరు గొప్పగా కనిపిస్తుంది. భద్రత కోసం తప్పనిసరైతే నియమాన్ని దాటే అధికారం పైలట్-ఇన్-కమాండ్‌కి చట్టమే ఇచ్చింది. ఎందుకు దాటాడో తర్వాత రాసిచ్చుకోవాలి, అంతే. రోజూ కాస్త కాస్త దాటడానికి ఆ అధికారం ఇవ్వలేదు.

క్యాబిన్ విషయాలు క్లుప్తంగా చెబుతాను. తలుపులు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా విమానంలో క్రమశిక్షణ కెప్టెన్ చేతిలోది. 1963 టోక్యో ఒప్పందం, దాన్ని అమలుచేసే మన 1975 చట్టం ఆ అధికారం ఇచ్చాయి. గొడవ చేసే ప్రయాణికుణ్ణి కట్టించి కూర్చోబెట్టవచ్చు, దింపేయవచ్చు, పోలీసులకి అప్పగించవచ్చు. అయితే కెప్టెన్ కాక్‌పిట్ తలుపు తీసుకుని వెళ్లి పంచాయితీ చేయడు, ఆ తలుపు తీయించడానికే గొడవ పెట్టుకుంటే? సిబ్బంది ద్వారానే నడిపిస్తాడు. 2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధనల్లో మూడు స్థాయిలున్నాయి: నోటి దురుసుకి 3 నెలల దాకా, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణం మీదికి తెస్తే 2 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ విమానం ఎక్కనివ్వరు. ఎవరికైనా గుండెపోటు వస్తే ప్రయాణికుల్లో డాక్టరు సలహా ఇస్తారు, కంపెనీ సూచిస్తుంది, ఎక్కడ దిగాలన్నది కెప్టెన్ చెబుతాడు. బయల్దేరిన కాసేపటికే దిగాల్సి వస్తే ఇంకో చిక్కు: ఏ320కి ఇంధనం బయటికి వదిలే ఏర్పాటు లేదు. బరువు తగ్గేదాకా తిరగడమా, ఎక్కువ బరువుతోనే దిగి విమానాన్ని తనిఖీకి పంపడమా? ప్రాణం పోతోందంటే రెండోదే.

శరీరం గురించి కూడా ఒక మాట. డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు, బ్రెత్ అనలైజర్‌లో మొదటిసారి దొరికితే 3 నెలలు లైసెన్సు సస్పెన్షన్. మౌత్‌వాష్ కూడా నిషిద్ధమే. మందు వాసన పట్టడానికి యంత్రం ఉంది, నిద్రలేమిని పట్టడానికి లేదు. 2025లో రెండు దశల్లో వచ్చిన కొత్త డ్యూటీ నిబంధనలు వారానికి ఇవ్వాల్సిన విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచాయి, రాత్రి ల్యాండింగులు తగ్గించాయి. ఆ డిసెంబరులో సర్వీసులు రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు పడ్డప్పుడు పైలట్లని తిట్టినవాళ్లున్నారు. నా వరకు ఆ నిబంధనలు ఇంకా ముందే రావాల్సింది. ఒంట్లో ఓపిక లేదని చెప్పి తప్పుకోవడం కెప్టెన్ బాధ్యతే. పక్కసీటులో ఉన్నవారి కళ్లు మూతలు పడుతున్నాయేమో గమనించడం కూడా.

ఇక మూడో ప్రశ్న, ఆమె అడ్డుచెప్పొచ్చా అన్నది.

2010 మే 22 పొద్దున దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన 737లో కెప్టెన్‌కి పదివేల గంటలకు పైగా అనుభవం. దారిలో చాలాసేపు ఆయన నిద్రపోయాడు, గురక వాయిస్ రికార్డర్‌లో ఉంది. దిగడం ఆలస్యమై విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉండిపోయింది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్దామని. కెప్టెన్ వినలేదు. 8,033 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగుల దగ్గర చక్రాలు తగిలాయి. కొండ అంచు దాటి లోయలో పడింది, 158 మంది పోయారు.

పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7 రాత్రి, కోళికోడ్. అదీ కొండమీది రన్‌వే, అదీ దుబాయ్ నుంచే, హోరు వాన. వైపర్ సరిగ్గా పనిచేయక మొదటి ప్రయత్నం వదిలేసి పైకి వెళ్లారు, అది సరైన పనే. రెండోసారి ఎదురు దిక్కు నుంచి, వెనకగాలితో వచ్చారు. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగుల దగ్గర నేల తాకింది. అంతకుముందే ఫస్ట్ ఆఫీసర్ "గో అరౌండ్" అన్నాడు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. మర్నాడు పొద్దున కోళికోడ్ నుంచే ఆ కెప్టెన్‌కి డ్యూటీ ఉందని, అక్కడ కెప్టెన్లు తక్కువని, ఎలాగైనా అక్కడే దిగాలన్న ఒత్తిడికి అదీ ఒక కారణమని విచారణ నివేదిక రాసింది. అదే నివేదిక ఇంకోటి కూడా రాసింది, మీ అమ్మాయికి చూపించాల్సిన వాక్యం: పైలట్ మానిటరింగ్ కంట్రోల్ తీసుకుని గో-అరౌండ్ చేయకపోవడం కూడా ప్రమాద కారణాల్లో ఉంది. అంటే ఆమె అడ్డుచెప్పొచ్చా అని కాదు, చెప్పి తీరాలి. విననప్పుడు తీసుకోవాలి కూడా.

నియమం తేలికే. మబ్బుల్లో దిగుతుంటే 1,000 అడుగుల దగ్గర, కళ్లకి రన్‌వే కనిపిస్తుంటే 500 అడుగుల దగ్గర, విమానం సరైన వేగంతో, సరైన కోణంలో, ఫ్లాప్స్ గేర్ అన్నీ వేసి, చెక్‌లిస్ట్ ముగించుకుని ఉండాలి. లేకపోతే గో-అరౌండ్. సరిచేసుకుంటున్నాను అనే మాటకి తావు లేదు. తాకాల్సింది కూడా రన్‌వే మొదటి మూడోవంతులో. రన్‌వే తడిగా ఉంటే కొంచెం గట్టిగా తాకించడమే మేలు, నీటి పొరని చీల్చుకుని టైర్లు పట్టు దొరికించుకుంటాయి. అలా దింపినందుకు వాట్సాప్‌లో జోకులేసే ప్రయాణికులకి, మెత్తగా దిగాలని రన్‌వే మీద తేలుతూ పోవడంలో ఉన్న ప్రమాదం తెలియదు.

నియమం ఇంత తేలికగా ఉంటే ఇన్ని చావులెందుకు? మన దగ్గర పెద్దవాళ్ల మాటకి ఎదురాడకూడదని పెంచుతాం. కాక్‌పిట్‌లో కెప్టెన్‌ని "సార్" అంటారు, వయసులో తండ్రంత ఉంటాడు, ఆమె ట్రైనింగ్ రిపోర్టు రాసేవాడు అతనే కావచ్చు. "సార్, కొంచెం హైగా ఉన్నామేమో" అనే ఫస్ట్ ఆఫీసర్లని చాలామందిని చూశాను. ఆ "ఏమో" దగ్గరే విమానం ఇంకో 300 అడుగులు దిగిపోతుంది. ఇంగ్లిషులోనో తెలుగులోనో మర్యాదగా చుట్టి చెప్పడానికి అక్కడ టైము లేదు. అందుకే ఎస్‌ఓపీలో ఆ మాటలు పొట్టిగా, మొరటుగా ఉంటాయి: "స్పీడ్", "సింక్ రేట్" (దిగే వేగం), "గో అరౌండ్". అవి కెప్టెన్ మీద అభిప్రాయాలు కావు, పరికరం చూపించేది చదివి వినిపించడం. "సార్" తగిలించకుండా చెప్పమనండి. రెండుసార్లు పిలిచినా తగిన జవాబు రాకపోతే కెప్టెన్ స్పృహలో లేడనే లెక్కగట్టి కంట్రోల్ తీసుకోవాలని మాన్యువళ్లలోనే ఉంది.

దీన్ని సుళువు చేయాల్సింది కెప్టెనే, నిమిషం పట్టదు. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌తో మొదటి బ్రీఫింగ్‌లో నేను చెప్పేది ఇదే: "ఇద్దరిలో ఎవరు గో-అరౌండ్ అన్నా గో-అరౌండే. ఎందుకని పైకి వెళ్లాక మాట్లాడుకుందాం." తర్వాత రోజులో ఏదో చిన్న విషయంలో ఆమె నన్ను సరిదిద్దితే, అది తప్పు దిద్దుబాటే అయినా, మొదట థ్యాంక్స్ చెప్పి తర్వాత వివరిస్తాను. పొద్దున హెడింగ్ (విమానం వెళ్లే దిశ) విషయంలో విసుక్కున్న కెప్టెన్‌కి సాయంత్రం వానలో ఎవరూ నోరు విప్పరు.

ఉద్యోగం సంగతి. గో-అరౌండ్ అన్నందుకు, చేసినందుకు చర్య ఉండదని కంపెనీల విధానాల్లోనే రాసి ఉంటుంది. పైగా ప్రతి సర్వీసు డేటానీ కంపెనీలో కంప్యూటర్ చదువుతుంది. అస్థిరంగా దిగిన విమానం గో-అరౌండ్ చేయకుండా ల్యాండ్ అయితే ఇద్దరినీ పిలుస్తారు, అప్పుడు "నేను చెప్పాను" అనే ఒక్క మాటే ఆమెకి రక్ష. ఏ కెప్టెనైనా తర్వాత మొహం ముడుచుకున్నాడంటే ఆయనతో గొడవ పడక్కర్లేదు, సేఫ్టీ రిపోర్ట్ రాయమనండి. ఆ రాత్రే రాయాలి, మర్నాటికి జ్ఞాపకం మెత్తబడుతుంది. ఏం జరిగింది, ఎంత ఎత్తులో, ఏ మాట అన్నాను, ఏ జవాబు వచ్చింది, అంతవరకే, విశేషణాలు అక్కర్లేదు. పెద్ద సంఘటనైతే పార్కింగ్‌లో ఇంజన్లు ఆపాక వాయిస్ రికార్డర్ సర్క్యూట్ బ్రేకర్ లాగారో లేదో కెప్టెన్‌ని అడిగి చూసుకోమనండి. చాలా విమానాల్లో ఆ రికార్డర్ 2 గంటలదే నిలుపుకుంటుంది, కరెంటు ఉన్నంతసేపూ పాతదాని మీద కొత్తది రాసేస్తూ పోతుంది. లాగి, టెక్ లాగ్‌లో ఒక పంక్తి రాసి సంతకం చేస్తే ఆ కెప్టెన్ డ్యూటీ అప్పటికి ముగిసినట్టు.